కొర్ర పొంగలికి అయిదు, క్లాసుకి సున్నా

తిండి బాగుంది. ఈ ముక్క ముందే రాసేస్తున్నా, ఎందుకంటే కింద రాయబోయేదంతా చదివి "ఈవిడకి చిరుధాన్యాలంటే పడదు, బిర్యానీ బ్యాచ్" అనుకునేవాళ్లు తప్పకుండా ఉంటారు. నాకు పడుతుంది, మా ఇంట్లో వారంలో సగం రాత్రిళ్లు జొన్నరొట్టెలే. అందుకే కూకట్‌పల్లి వైపు ఒక లోపలి వీధిలో అచ్చంగా చిరుధాన్యాలతో హోటల్ పెట్టారని తెలిసినప్పుడు సంబరపడిపోయి మా ఆయన్ని లాక్కెళ్లా. పేరు రాయట్లేదు. అక్కడ వండే ఆడవాళ్ల పొట్ట కొట్టడం నాకిష్టం లేదు, పైగా ఇలాంటివి ఇప్పుడు పేటకొకటి లేచాయి, గోడల మీద రాతలు కూడా ఇంచుమించు అవే, కాబట్టి మీరు మీ పేటలో వెళ్లబోయేదానికీ ఇందులో సగం వర్తిస్తుంది.

కొర్ర పొంగలి గురించి ముందు చెప్పాలి. కొర్రలు ఇంట్లో వండినవాళ్లకి తెలుసు, సరిగ్గా నానకపోతే గొంతులో గరగరలాడతాయి, ఎక్కువ నీళ్లు పడితే జావైపోతాయి. ఇక్కడ రెండూ లేవు. పెసరపప్పు పూర్తిగా కలిసిపోయి, కొర్రలు మాత్రం పళ్లకి తెలిసేంతగా విడివిడిగా ఉన్నాయి. మిరియాలు పొడి కొట్టి చల్లలేదు, కచ్చాపచ్చాగా దంచి నేతిలో వేయించారు, అక్కడొకటి అక్కడొకటి తగిలి నోరు చురుక్కుమంటుంది. పక్కన అల్లప్పచ్చడి, అందులో బెల్లం చెయ్యి జారలేదు. ప్లేటు 90 రూపాయలు. ఆ వీధిలో మామూలు హోటల్లో ఉప్మాకే 50 తీసుకుంటున్నారు, ఇది దండగ అనిపించలేదు.

సామల పులిహోర ఇంకా బాగుంది. సామలకి చింతపండు పులుసు పట్టినంత బాగా బియ్యానికి కూడా పట్టదని నాకో అనుమానం. జొన్నరొట్టె పెనం మీంచి నేరుగా పళ్లెంలోకి వస్తుంది, అంచులు విరుగుతాయి కానీ నడుమ మెత్తగా ఉంటుంది, తోడు గుత్తివంకాయ కూర, వెల్లుల్లి కారం. రొట్టె చేసేది నారాయణఖేడ్ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, కర్ర ముట్టకుండా చేత్తోనే తడుతుంది, ఆ చప్పుడు వింటూ కూర్చోవచ్చు. రాగి సంగటి ఉంది కానీ దానితోపాటు నాటుకోడి అడగకండి, పల్లీ పచ్చడీ పాలకూర పప్పూ ఇస్తారు. అరికెల బిర్యానీ మాత్రం వద్దు. అది బిర్యానీ కాదు, మసాలా వేసిన ప్రాయశ్చిత్తం.

ఇక గోడలు. లోపలికి అడుగు పెట్టగానే ఎదురుగా ఎర్రక్షరాలతో "మీ రోగానికి మీరే బాధ్యులు". భోజనానికి వచ్చినవాళ్లకి పలకరింపు ఇది. చేతులు కడుక్కునే చోట "చక్కెర తెల్ల విషం", దాని పక్కన "మైదా మరణ శాసనం", ఫ్యాను కింద "పాలు దూడకి, మనిషికి కాదు". పాలు అంత పాపమైనప్పుడు మెనూలో పెరుగన్నం ఎలా ఉందని మా ఆయన అడిగితే, పాలు విషం, పులిస్తే అమృతం అని సమాధానం వచ్చింది. సరే, అనుకున్నాం. ప్రతి టేబుల్ మీదా ఒక అట్టముక్క: ఫోన్ పక్కన పెట్టండి, మాట్లాడకండి, ముద్దకి 32 సార్లు నమలండి. మనం మాట్లాడకూడదు కాబట్టి ఆ ఖాళీని నింపే బాధ్యత ఓనరు గారు తీసుకున్నారు.

ఆయనకి యాభై దాటి ఉంటాయి. కోపిష్టి కాదు, నవ్వుతూనే ఉంటాడు, అసలు ఇబ్బంది అక్కడే, కసురుకునేవాడైతే లేచి పోవచ్చు. చాలాకాలం సాఫ్ట్‌వేర్‌లో చేశాడట, షుగరు వచ్చి, బరువు పెరిగి, ఇవి తినడం మొదలుపెట్టి మాత్రలు మానేశాడట. కౌంటర్ వెనక రెండు ఫొటోలు, అప్పుడు బొజ్జ, ఇప్పుడు లేదు. చాలా సంతోషం, నిజంగానే. కానీ ఆ రెండు ఫొటోల మధ్య జరిగింది లోకంలో అందరికీ జరగాలని, జరగకపోతే అది వాళ్ల బద్ధకమనీ తిండిపోతుతనమనీ ఆయన నమ్మకం. టేబుల్ దగ్గరికి వచ్చి, చేతులు కట్టుకుని నిలబడి, మన ప్లేటు వంక కాకుండా మన నడుం వంక చూస్తూ మొదలుపెడతాడు. "అమ్మా, పొద్దున ఏం తింటారు?" ఇడ్లీ అన్నా. ఆయన కళ్లు మూసుకున్నాడు, చావు కబురు విన్నట్టు.

అక్కణ్ణుంచి పది నిమిషాలు. ఇడ్లీ ఎందుకు తప్పు, ఫ్రిజ్ ఎందుకు తప్పు, కుక్కర్ ఎందుకు తప్పు, తొమ్మిది తర్వాత పడుకోవడం ఎందుకు తప్పు. మధ్యలో "ఉద్యోగమా?" అని అడిగి, అవునంటే "అదీ సంగతి, ఆడవాళ్లు వంటిల్లు వదిలేసిన రోజు నుంచే ఇంటింటికీ ఒక డాక్టరు కావాల్సి వచ్చింది" అన్నాడు. మా ఆయన ఎదురుగానే కూర్చుని పొంగలి తింటున్నాడు, ఆయన కూడా ఉద్యోగమే చేస్తాడు, ఆయన బొజ్జ నాకన్నా ఎక్కువ, ఆయన్ని ఒక్క మాట అనలేదు. నేను మాత్రం చెంచా పట్టుకుని నెయ్యి పేరుకుపోతున్న ప్లేటు చూసుకుంటూ కూర్చున్నా. కంచం ముందు కూర్చున్నవాళ్లని ఏమీ అనకూడదని మన ఇళ్లలో ఎంత పోట్లాటలో ఉన్నా పాటిస్తారు. మా అత్తగారు నన్ను అనాలనుకున్నవన్నీ అన్నారు కానీ అన్నం దగ్గర ఎప్పుడూ అనలేదు. డబ్బులిచ్చి తినే చోట ఆపాటి మర్యాద కూడా ఉండదా?

వంటిల్లు మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి, ఎందుకంటే ఈ ఉపన్యాసాల్లో ఎప్పుడూ రాని సంగతి ఇది. కొర్రలూ సామలూ గింజ చిన్నవి, పైపొట్టు గట్టిగా అంటుకుని ఉంటుంది. వరికి ఊరూరా మిల్లులు వచ్చాయి, వీటికి రాలేదు. రోట్లో పోసి దంచి, చెరిగి, మళ్లీ దంచి, మళ్లీ చెరగాలి, ఆ పని మొత్తం ఆడవాళ్లదే, పొలం పని అయ్యాక. ఆపైన 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో బియ్యం రెండు రూపాయలకి ఇచ్చింది. దంచక్కర్లేని, గంటలకొద్దీ నానక్కర్లేని, అరగంటలో ఉడికే తిండి, అదీ రెండు రూపాయలకి. తీసుకోక ఏం చేస్తారు? ఇప్పుడు తెలంగాణలో 2025 ఉగాది నుంచి రేషన్‌లో మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఉచితం. కొర్రలు బజార్లో ఆ బియ్యం కన్నా ఎంత ప్రియమో సంచీ పట్టుకుని వెళ్లేవాళ్లకి తెలుసు. ఇవన్నీ పక్కన పెట్టి "మనవాళ్లు నాలుక రుచికి అమ్ముడుపోయారు" అంటే ఎలా? ఆయన హోటల్లో రాత్రి పూట కొర్రలు కడిగి నానబోసేది ఆ నారాయణఖేడ్ ఆవిడే, ఆయన కాదు.

ఒకరోజు పక్క టేబుల్ దగ్గర జరిగింది చెప్తా. ఒకమ్మాయి వాళ్ల నాన్నమ్మని తీసుకొచ్చింది, కదిరి దగ్గర పల్లెటూరట. పెద్దావిడకి ఎనభై పైనే ఉంటాయి, మనిషి గట్టిగా ఉంది. కొర్రన్నం కాస్త కెలికి, పక్కకి జరిపి, తెల్లన్నం దొరుకుతుందా నాయనా అని అడిగింది. అంతే, ఓనరు గారికి పండగ. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "అమ్మా, మీ తాతల కాలంలో ఏం తిన్నారు? ఇవే కదా? అమృతం లాంటి తిండి వదిలేసి..." అని మొదలుపెట్టాడు. ఆవిడ శాంతంగా విని, "నా పెండ్లయ్యేదాకా కొర్రకూడే నాయనా మాకు. వరికూడు పండగనాడు, ల్యాకుంటే జొరమొచ్చిన్నాడు" అంది. "చూశారా" అని ఈయన హాలంతా వినపడేట్టు అన్నాడు, "అందుకే మీరు ఈ వయసులో కూడా ఇంత ఆరోగ్యంగా ఉన్నారు!" పెద్దావిడ మజ్జిగ తాగి గ్లాసు కింద పెట్టింది. "మా ఇంటాయన గూడా ఆ కూడే తినె గదా. నలబై దాటకనే పాయె."

ఆయనకి ఒక్క క్షణం మాట రాలేదు. తర్వాత వచ్చింది. బహుశా బీడీలు తాగేవారేమో అన్నాడు. చచ్చిపోయిన మనిషిలో కూడా తప్పు వెతకాల్సిందే, లేకపోతే గోడ మీద ఎర్రక్షరాలకి అర్థం ఉండదు.

అది విని నవ్వుకున్నాం, ఇంకొకటి నవ్వుకునేది కాదు. ఒకాయన పదేళ్ల కొడుకుతో వచ్చాడు. పిల్లాడి భుజం కింద గుండ్రటి సెన్సర్ అతికించి ఉంది, షుగరు చూసుకునేది. ముద్ద నోట్లో పెట్టేముందు తండ్రి ఫోన్‌లో రీడింగు చూసి ఇన్సులిన్ పెన్ను తీశాడు. ఓనరు గారు చూశాడు. "ఇంత చిన్న వయసులో సూదులేంటి సార్? మీరు పెట్టిన బిస్కెట్ల ఫలితం ఇది. మూడు నెలలు నేను చెప్పింది తినిపించండి, ఆ సూది చెత్తబుట్టలో పారేస్తారు." తండ్రి మర్యాదగా, ఇది టైప్ వన్ అండీ, వేరు, అన్నాడు. ఈయన వదల్లేదు. టైప్ వన్, టైప్ టూ అన్నీ మందుల కంపెనీలు పెట్టిన పేర్లే అన్నాడు. పిల్లాడు తల వంచుకుని రొట్టె తుంచుతున్నాడు, తినట్లేదు.

ఇక్కడ మాత్రం గట్టిగానే రాస్తా. టైప్ వన్ అంటే ఒంట్లో ఇన్సులిన్ తయారుచేసే కణాలనే ఒంటి రక్షణ వ్యవస్థ నాశనం చేసేయడం. బిస్కెట్లు తిన్నందుకు రాదు, కొర్రలు తింటే పోదు. సూది ఆపితే కొద్దిరోజుల్లోనే రక్తంలో కీటోన్లనే ఆమ్లాలు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది. 1922లో టొరంటోలో 14 ఏళ్ల కుర్రాడికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చేదాకా ఈ పిల్లలకి డాక్టర్ల దగ్గర ఉన్న ఒకే ఒక వైద్యం ఏమిటో తెలుసా, డైటే. దాదాపు పస్తులు ఉంచేవాళ్లు. ఎముకల గూడులా మారి కొన్నాళ్లు ఎక్కువ బతికేవాళ్లు, తర్వాత పోయేవాళ్లు. అంటే ఈయన కొత్తగా కనిపెట్టిన వైద్యం వందేళ్ల కిందట చేసి చూసి వదిలేసిందే. పైగా తండ్రిని పట్టుకుని "మీరు పెట్టిన బిస్కెట్లు" అనడం. ఆ తండ్రి రాత్రి రెండింటికి లేచి పిల్లాడి షుగరు చూసుకునే మనిషి అయి ఉంటాడు. వాళ్లు రొట్టె సగంలో వదిలేసి వెళ్లిపోయారు, బిల్లు మొత్తం కట్టి మరీ.

పెద్దవాళ్లకి వచ్చే టైప్ టూ వేరు. అందులో తిండి మార్చితే, బరువు తగ్గితే చాలామందికి మందులు తగ్గుతాయి, కొందరికి డాక్టరు చూసి ఆపేస్తారు కూడా. ఓనరు గారికి జరిగింది అదే అయి ఉండొచ్చు, నేను కాదనను. చిరుధాన్యాల మీద మంచి లెక్క కూడా ఉంది, మన పటాన్‌చెరులో ఉన్న మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు మరికొన్ని సంస్థలతో కలిసి 11 దేశాల్లో జరిగిన అధ్యయనాలన్నీ పోగేసి 2021లో ప్రచురించారు, వీటిని రోజూ తిన్న షుగరు రోగుల్లో పరగడుపు షుగరు 12 శాతం, తిన్న తర్వాతది 15 శాతం దాకా తగ్గిందని. మంచి సంగతే కదా, గోడ మీద అదే రాసుకోవచ్చు. కానీ 12 శాతం అని రాస్తే జనం నిటారుగా కూర్చోరు. "మాత్రలు చెత్తబుట్టలో వేయండి" అంటేనే కూర్చుంటారు.

మాత్ర అంటే ఆయనకి కెమికల్, కషాయం అంటే ప్రకృతి. షుగరుకి అందరూ వేసుకునే మెట్‌ఫార్మిన్ పుట్టుక చూస్తే పాత యూరప్ మూలికా వైద్యంలో వాడిన గెలీగా అనే మొక్క దగ్గరికే వెళ్తాం. ఆ మొక్కలో ఉన్న పదార్థం లాంటివాటి మీద పరిశోధన చేసుకుంటూ వచ్చి 1957లో ఒక ఫ్రెంచి డాక్టరు దీన్ని షుగరు రోగులకి ఇచ్చి చూసి ప్రచురించాడు. ఈ ముక్క ఆయనకి చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెప్పలేదు, చెబితే ఇంకో పావుగంట.

బరువు తగ్గుతారని కూడా చెప్తాడు, ఎంతైనా తినొచ్చు అంటాడు. బియ్యానికీ కొర్రలకీ క్యాలరీల్లో పెద్ద తేడా లేదు, రెండూ వంద గ్రాములకి 330-350 ఆ చుట్టుపక్కలే. పీచు ఎక్కువ కాబట్టి తొందరగా కడుపు నిండుతుంది, మాంసకృత్తులు బియ్యం కన్నా ఎక్కువ, రాగుల్లో అయితే వంద గ్రాములకి 340 మిల్లీగ్రాముల పైన కాల్షియం. ఇవన్నీ నిజం. కానీ పళ్లెం నిండా తింటే ఒళ్లు రాకుండా పోదు. అదే కొర్రల్ని పాలిష్ పట్టి, పిండి చేసి, బిస్కెట్లు చేసి "మిల్లెట్ కుకీస్" అని కౌంటర్ మీద సీసాల్లో అమ్ముతున్నారు, బెల్లం పాకం కారుతూ, వంద గ్రాములు 140 రూపాయలు. పక్క బేకరీ బిస్కెట్ మరణ శాసనం, ఇది మాత్రం మోక్షం. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనలు చూస్తే బియ్యం, గోధుమ, చిరుధాన్యాలు అన్నీ కలిపి రోజు క్యాలరీల్లో 45 శాతం దాటొద్దంటారు, మిగతాది పప్పులు, కూరలు, పళ్లు, గింజలు, పాలు. అందులో ఏ గింజా అమృతం కాదు, ఏదీ విషం కాదు. అలాంటి మాటతో మరి యూట్యూబ్ వీడియో నడవదు.

32 సార్లు నమలమన్న అట్టముక్క చూసి నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే ఇది మన రుషులు చెప్పిందని ఆయన అంటాడు కానీ అమెరికాలో హొరేస్ ఫ్లెచర్ అనే వ్యాపారి వందేళ్ల కిందట ఇదే మాట మీద దేశమంతా తిరిగి పేరు తెచ్చుకున్నాడు, నమిలి నమిలి ద్రవమైపోయాకే మింగాలని. మిషిగన్‌లో బ్యాటిల్ క్రీక్ ఆరోగ్యశాల నడిపిన జాన్ హార్వీ కెలాగ్ కూడా ఆ బాపతే. మాంసం వద్దు, కాఫీ వద్దు, మసాలా తింటే మనసు చెడుతుందని పేషెంట్లకి ఉపన్యాసాలు. ఆయన తమ్ముడు విల్ మాత్రం వాళ్లు చేసే మొక్కజొన్న రేకుల్లో (కార్న్‌ఫ్లేక్స్) చక్కెర కలిపితే జనం కొంటారు కదా అన్నాడు, అన్న ఒప్పుకోలేదు, తమ్ముడు 1906లో వేరే కంపెనీ పెట్టేశాడు, ఇప్పుడు మన సూపర్ మార్కెట్లలో డబ్బాల మీద ఉన్న ఆ ఇంటిపేరు సంతకం తమ్ముడిదే. మన ఓనరు గారి బిస్కెట్ సీసాలు చూసినప్పుడల్లా ఈ ఇద్దరూ ఒకే మనిషిలో దూరారేమో అనిపిస్తుంది.

నేను ఒక సంగతి మీద కన్నేసి ఉంచా, ఈయన దొంగచాటుగా ఏమైనా తింటాడేమోనని. తినడు. మధ్యాహ్నం మూడింటికి జనం తగ్గాక కౌంటర్ దగ్గరే స్టీలు గిన్నెలో అంబలి, రెండు పచ్చిమిరపకాయలు, ఉల్లిపాయ, అంతే. శ్రీరంగనీతులు చెప్పి చాటున బిర్యానీ లాగించే రకం అయితే మనకి సుఖంగా ఉండేది. ఈయన చెప్పేది చేస్తాడు, కాబట్టి అందరూ చెయ్యొచ్చు అనుకుంటాడు. షాపు పిల్లలు టీ కోసం సందు చివర బండి దగ్గరికి వెళ్లి, వచ్చేముందు నోరు పుక్కిలించుకుని వస్తారు. ఒకడు నన్ను అక్కడ చూసి "అక్కా, సార్‌కి చెప్పకండి" అన్నాడు. ఇరానీ చాయ్ తాగినందుకు పాపం, పాతికేళ్ల కుర్రాడు.

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆడవాళ్లు ఉన్నారు, 1980ల నుంచీ ఈ పంటల్ని బతికించుకున్నది వాళ్లు, ఎక్కువమంది దళిత మహిళలు, ఇళ్లలో బుట్టల్లో విత్తనాలు దాచి. ఏటా సంక్రాంతి రోజుల్లో ఎడ్లబండ్ల మీద విత్తనాలు పెట్టుకుని ఊరూరా పాత పంటల జాతర చేస్తారు, 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది వాళ్లకి. 2023ని అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరమని మన దేశం అడిగితే ఐక్యరాజ్యసమితి ప్రకటించడానికి ఎన్నో ఏళ్ల ముందే వాళ్ల పొలాల్లో అవి పండుతూనే ఉన్నాయి. మా ఆఫీసు వాళ్లతో ఒకసారి ఆ జాతరకి వెళ్లా. ఒకావిడ నాకు చేట నిండా రకాలు చూపించి ఒక్కో గింజ పేరు చెప్పింది, ఏది ఎప్పుడు వెయ్యాలో, ఏది పశువులకి మంచి మేతో, ఏది వాన తక్కువైనా నిలబడుతుందో. నేను పొద్దున ఏం తింటానో అడగలేదు. ఓనరు గారి గోడ మీద ఇంత రాత ఉంది కదా, ఈ గింజలు ఏ ఊరి నుంచి వస్తాయి, పండించినవాళ్లకి కిలోకి ఎంత ఇస్తారు అన్న బోర్డు మాత్రం ఒక్కటీ లేదు. అడిగా కూడా. "హోల్‌సేల్ అమ్మా" అన్నాడు, వెంటనే నా కుక్కర్ సంగతికి వెళ్లిపోయాడు.

మిగతా వివరాలు. ఏసీ లేదు, ఏసీ ఊపిరితిత్తులకి చేటని బోర్డుంది. కూర్చోవడానికి ఆరు టేబుళ్లు, ఒక పక్క కింద చాపలు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కుర్చీ కోసం గట్టిగా అడగండి, లేకపోతే మోకాళ్ల నొప్పి ఎందుకు వచ్చిందో వినాల్సి వస్తుంది. బాత్రూం శుభ్రంగా ఉంది. బండి పెట్టుకోవడానికి వీధిలోనే చోటు, కారు కష్టం. థాలీ 220, ఇద్దరికి సరిపోయేంత ఇస్తారు, కానీ పంచుకు తినడానికి ఒప్పుకోరు. యూపీఐ తీసుకుంటారు. కాఫీ టీలు లేవు, కషాయం ఇస్తారు, అది కాఫీ కప్పులోనే ఎందుకు ఇస్తారో తెలీదు, మొదటి గుటకకి మోసపోతాం. పిల్లల్ని మాత్రం తీసుకెళ్లకండి. తిండి నచ్చదని కాదు, లావుగా ఉన్న పిల్లల్ని వెక్కిరింపు పేర్లు పెట్టి పిలుస్తాడు.

వంటకి అయిదుకి నాలుగున్నర, ఆ అర అరికెల బిర్యానీకి తగ్గించా, పొంగలి ఒక్కదానికి విడిగా అయిదు. శుభ్రతకి నాలుగు. వడ్డించే పిల్లలకి అయిదు, వాళ్లు ఒక్క మాట మాట్లాడరు. ఓనరు గారికి సున్నా, ఆ టైప్ వన్ పిల్లాడి ముందు అన్న మాటలకి ఇంకా కిందికి ఇవ్వాలని ఉంది కానీ కుదరదు. ఎవరైనా ఆయనకి తెలిసినవాళ్లు ఉంటే ఇన్సులిన్ జోలికి మాత్రం పోవద్దని చెప్పండి. ఇడ్లీ గురించి ఎంతైనా తిట్టుకోమనండి.

నేను ఇప్పుడు పార్సిలే తెప్పించుకుంటున్నా. ఫోన్ చేస్తే రొట్టెలావిడ కూతురు ఎత్తుతుంది, ఆర్డరు రాసుకుని పెట్టేస్తుంది, ఏమీ అడగదు. సాయంత్రం ఏడు లోపు చేస్తే రొట్టెలు వేడిగా వస్తాయి, తర్వాత అయితే పొద్దున చేసినవి కాల్చి పంపుతారు. పొంగలి, పులిహోర బాగానే ఉంటాయి. కవర్లో ఒక కరపత్రం కూడా వస్తుంది, దాన్ని రొట్టెల కింద వేసుకోవచ్చు. ఊదల పెరుగన్నం మాత్రం ఇంటికొచ్చేసరికి గట్టిపడిపోతుంది, కాచి చల్లార్చిన పాలు కాస్త పోసి కలుపుకోండి, ఆయనకి చెప్పకండి.